ఊరపిల్లికి క్రొత్త యిల్లు

పిల్లిని గూర్చి ప్రసంగ మేమని మీలో కొందరు నవ్వుకొనుచుందురు. లోకములో చెప్పుకొనవలసిన పెద్ద సంగతు లెన్నియో యుండగా, ఒక పిల్లిని ఒక చోటినుండి మరియొక చోటికి మార్చుట యెట్లను విషయమున కింత కాలము వెచ్చింపవలెనా యని యడుగవచ్చును. నేనును ఒకప్పు డట్లే తలచినవాడను. ఆ తలంపువలన నా చేతిమీదుగా నొక అపచారము జరిగినది. దానిని దాచక చెప్పి, తరువాత నేను నేర్చుకొన్న పద్ధతిని వివరించుటయే ఈ పూట నా పని.

మాది అమలాపురము. 2014వ సంవత్సరపు వేసవిలో మా పెరటివైపున నొక నల్లపిల్లి తిరుగుచుండెను. అది మా యింట పాలు త్రాగెను. పొరుగింట చేపముక్కలు కాజేసెను. ఎదురింటివారు ప్రయాణమై గడప దాటునపుడెల్ల సరిగా నెదురు వచ్చెను. ఈ మూడు నేరములకును గాను మా వీధివారందరు నేకగ్రీవముగా దానికి దేశబహిష్కార శిక్ష విధించిరి. శిక్ష నమలుపరచు భారము నాపై బడెను. ఒకనాటి రాత్రి వంటయింటి తలుపు మూసి దానిని పట్టి, గోనెసంచిలో వేసి మూతి బిగించి, ఆటోలో ఆరు కిలోమీటర్ల దూరము కొనిపోయి, కాలువ వంతెన కావలి యొడ్డున నొక కొబ్బరితోటలో విడిచితిని. సంచి విప్పగానే యది బాణమువలె చీకటిలోనికి దూసికొనిపోయెను. మంచి తోట, కావలసినన్ని ఎలుకలు, సుఖముగా బ్రదుకునని నన్ను నేనే మెచ్చుకొనుచు ఇంటికి వచ్చితిని.

మరునాటి సాయంకాలము అటకమీదనుండి సన్నని కూతలు వినవచ్చెను. నిచ్చెన వేసి చూడగా పాత చాపల నడుమ మూడు పసికూనలు! కన్నులు తెరచి పదిదినములైన కాలేదు. వెంటనే తోటకు పరుగెత్తితిని. పిలిచితిని, వెదకితిని, అన్నముముద్ద లుంచితిని. పిల్లి కానరాలేదు. ఇంటికి వచ్చి దూదివత్తితో ఆవుపాలు పట్టితిని. ఆ పాలు వానికి సరిపడక విరేచనములు పట్టుకొనెను. ఒకదాని వెంట నొకటిగా మూడును ఆరుదినములలో పోయినవి.

తొమ్మిదవనాటి తెల్లవారుజామున తల్లి తిరిగి వచ్చెను. వెనుకకాలు కుంటుచుండెను, ప్రక్కటెముకలు లెక్కింప వచ్చునంతగా చిక్కియుండెను. తిన్నగా అటక యెక్కి చాపలన్నిటిని మూచూచెను. దిగెను, మరల నెక్కెను. అట్లు మూడుదినములు ఎక్కుచు దిగుచు, నేను పెట్టిన యన్నము ముట్టక, తిరుగుచు నేడ్చెను. కాలుగాలిన పిల్లి యను మాటను నేను జీవితములో పెక్కుమార్లు వాడియుందును. దాని యర్థ మా మూడుదినములలో తెలిసినది.

ఆరు కిలోమీటర్ల దూరమునుండి, సంచిలో కట్టి తెచ్చిన దారిని అదెట్లు కనుగొనెనను సందేహము నన్ను పుస్తకములవైపు మళ్లించెను. పిల్లికి తన చోటిని తిరిగి చేరు శక్తి కలదని శాస్త్రజ్ఞులు చాలకాలము క్రిందటనే గమనించిరి. అమెరికా దేశమున హెరిక్ అను జంతుశాస్త్రవేత్త 1922లో ప్రకటించిన వ్యాసమున, కూనలుగల యొక తల్లిపిల్లి ఒకటి మొదలు నాలుగు మైళ్లవరకు గల దూరములనుండి తన పిల్లలకడకు తిరిగి వచ్చిన సంగతి వ్రాసెను. మా పిల్లియు నదియే చేసినది. తేడా యొక్కటే. ఆయన పిల్లికి చేరినచోట పిల్లలుండెను. మా పిల్లికి లేవు.

ఇట్లు తిరిగి వచ్చు పిల్లులు కొన్నియే. తక్కినవి దారిలో కుక్కలవాత బడును, బండ్లక్రింద నలుగును, లేదా తెలియని చోట నీరెక్కడనో తిండి యెక్కడనో యెరుగక మాడిపోవును. మనము చూడము గనుక సుఖముగా నున్నదని చెప్పుకొందుము. సంచిలో కట్టి యేటియవతల విడుచుట మన యూళ్లలో తరతరాలుగా నున్న యలవాటు. అది పిల్లిని చంపకుండ చంపు పద్ధతి. ఆకలిదప్పుల పాలగునట్లుగా ఒక జంతువును కారణము లేక విడిచిపెట్టుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము గూడ.

ఇక ఊరపిల్లి యనగా నేమో చెప్పెదను. ఊరకుక్క యన్నట్లే ఊరపిల్లి యనుచున్నాను. అడవిలోని బావురుపిల్లి వేరు; అది వన్యమృగము. ఊరపిల్లి మన యింటిపిల్లి జాతిదే. కాని చిన్ననాట మనుష్యుని చేయి దానిపై పడలేదు. పిల్లికూనకు పుట్టిన రెండవ వారము మొదలు ఏడవ వారము వరకు, అంతకు గొంచె మటునిటుగా, మచ్చికయగు కాలము. ఆ దినములలో మనుష్యుల యొడిలో పెరిగినది ఇంటిపిల్లి యగును. ఆ కాలము దాటి పెద్దదైన పిల్లి మన యన్నము తినును గాని మన చేతికి రాదు. దానిని గదిలో పెట్టి ముద్దుచేయవలెననుకొనుట దానికి చెరసాలయే. అయినను అది పూర్తిగా నడవి బ్రదుకు బ్రదుకలేదు. మనుష్యుల ధాన్యము, ధాన్యమునకై వచ్చు ఎలుక, ఎలుకకై వచ్చు పిల్లి — ఈ సంబంధము వేలయేండ్లనాటిది. సైప్రసు ద్వీపమున దాదాపు 9,500 ఏండ్లనాటి యొక సమాధిలో మనుష్యుని ప్రక్కనే పాతిపెట్టిన పిల్లి యెముకలు దొరకిన సంగతి 2004లో ప్రకటింపబడెను. కాబట్టి ఊరపిల్లికి కావలసినది పరుపు గాదు, అడవియు గాదు. ఒక పాక, ఒక గాదె, దినమునకు రెండుమార్లు తిండి, దూరముగా నిలిచి కనిపెట్టియుండు ఒక మనిషి.

మార్చుటకు ముందు అసలు మార్పు అవసరమా యని చూడవలెను. పాలు త్రాగినదనియు, రాత్రులు అరచుచున్నదనియు మార్చుట తగదు. పాలమీద మూత పెట్టవచ్చును. పిల్లి అరపులును పోట్లాటలును చాలవరకు జతకూడు కాలపు చేష్టలు. పశువైద్యునిచే సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించినచో అవి తగ్గును. అట్లు చేయించిన పిల్లిని దాని చోటనే విడుచుట యన్నిటికంటె మేలైన దారి. పైగా ఒక పిల్లిని తీసివేసి, వీధిలో చెత్తను ఎలుకలను మాత్రము ఉన్నట్లే యుంచినచో, కొన్నాళ్లకు మరియొక పిల్లి ఆ జాగాకు వచ్చును. ఆ చోటు నిలువకుండ పోవుచున్నప్పుడు, లేక అచ్చట దాని ప్రాణమునకే అపాయ మున్నప్పుడు మాత్రమే మార్పు తలపెట్టవలెను.

అట్టి యవసరమే నాకు 2018వ సంవత్సరమున కార్తికమాసములో కలిగినది. మా యూరి శివారున నొక పాత బియ్యపు మిల్లు పండుగ తరువాత పడగొట్టుదురని తెలిసినది. ఆ మిల్లులో రెండు పిల్లులుండెను. ఒకటి తెల్లమచ్చల నల్లనిది. రెండవది దాని కూతురు, చారలది. అచ్చట నూకలు చెరుగు మామ్మ యొకతె యేండ్ల తరబడి వానికి తిండి పెట్టుచుండెను. సత్తుపళ్లెముపై గరిటెతో మూడుసార్లు కొట్టునది. అవి యెచ్చట నున్నను వచ్చునవి. నా సంగతి యెవరో చెప్పగా ఆమె నాయొద్దకు వచ్చెను.

"బాబూ, మిల్లు పోతే నాకు మా అబ్బాయి ఇంట్లో చోటుంది. వాటికి ఎక్కడుంది?" అని యడిగెను.

నాకు అటకమీది పాత చాపలు గుర్తునకు వచ్చెను. ఈసారి సంచి కట్టరాదని నిశ్చయించుకొంటిని.

మొదట చోటు వెదకితిని. క్రొత్త చోటికి కావలసిన గుణములు నాలుగు. పెద్దబాట దగ్గరగా నుండరాదు. ఎండవానలకు దాగుటకు పాకగాని సావిడిగాని యుండవలెను. అక్కడి కుక్కలు పిల్లులను తరుమునవి కారాదు. అన్నిటికంటె ముఖ్యముగా, దినదినమును తప్పక తిండి నీరు పెట్టుదునని యొక మనిషి మాట యియ్యవలెను. ఎలుకలున్నవి గదా, తిండి యెందుకనుట పొరపాటు. ఎలుకలతోనే పిల్లి కడుపు నిండదు. ఆకలిగొన్న పిల్లి నిలువదు. మరి యొక హెచ్చరిక: కొల్లేరు, నేలపట్టు వంటి పక్షులు గూళ్లు కట్టు తావులకు దాపున పిల్లులను చేర్చరాదు. ఒకరియెడల దయ మరియొకరికి మృత్యువు కారాదు గదా.

రావులపాలెమునకు అవతల నొక పల్లెలో మా మేనత్త కుమారునికి పశువుల పాకయు, ధాన్యపు కొట్టును గలవు. ఎలుకలతో వేగలేక యుండెను. పిల్లులనగానే సంతోషించెను. కాని నేనొక షరతు పెట్టితిని.

"బావా, కొట్టులో ఎలుకలమందు పెట్టడం మానేస్తేనే ఇస్తాను," అంటిని.

"మందు ఎలుకకు గదయ్యా, పిల్లికి కాదుగా!" అనెను.

మందు తిన్న ఎలుక వెంటనే చావక, మత్తుగా తిరుగుచు పిల్లికి సులభముగా దొరకును. దానిని తిన్న పిల్లికిని ఆ విషమంటును. ఎలుకలమందును పిల్లిని ఒకే కొట్టులో నుంచుట చెల్లదు. రెంటిలో నొకటి యెంచుకొనవలెను. ఈ మాట చెప్పగా బావ కొంత తడవు ఆలోచించి, ఉన్న మందంతయు ఏరి తీసివేయించెను.

ఇక పట్టుట. ఊరపిల్లిని చేతితో పట్టరాదు. భయపడిన పిల్లి కరచును, రక్కును; అది దాని తప్పు గాదు. ఒకవేళ కరచినచో ఆ గాయమును సబ్బుతో, పారు నీటిక్రింద పదునైదు నిమిషములు కడిగి, పసుపు సున్నము మొదలైనవి పూయక, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోయి రేబిస్ టీకా విషయము విచారింపవలెను. పట్టుటకు తగినది తలుపు దానంతట పడు ఇనుపవల బోను. ఎలుకలబోను వంటిదే, పెద్దది. పశుసంరక్షణ చేయు సంఘములవారి యొద్ద అట్టివి యెరువు దొరకవచ్చును.

బోనును తెచ్చిననాడే పన్నుటకు తొందరపడరాదు. తలుపు పడకుండ త్రాడుతో కట్టి, పిల్లి దినమును తిను చోటనే యుంచి, ఐదారుదినములు దానిలోనే తిండి పెట్టవలెను. పట్టదలచిన దినమునకు ముందునాటి రాత్రి తిండి మాని, నీరు మాత్ర ముంచి, ఉదయమున బోనులో కొసయందు వాసనగల యెర నుంచవలెను. మేము ఎండు నెత్తళ్లు వాడితిమి. బోను అడుగున పాత పత్రికలు పరచవలెను. ఎండలో నుంచరాదు, పన్నిన బోనును విడిచి పోరాదు. తలుపు పడగానే పిల్లి వలకు తలబాదుకొనును. అప్పుడు చేయవలసినది ఒక్కటే: మందపు దుప్పటి తెచ్చి బోనంతయు కప్పుట. చీకటి పడగానే నిమిషములో శాంతించును.

ఇచ్చట నేనొక తప్పు చేసితిని. నాయొద్ద బోను ఒక్కటే యుండెను. కూతురు మొదటి యుదయముననే పడెను. తల్లి గోడమీదనుండి యంతయు చూచెను. చూచిన పిల్లి బోనును నమ్మదు. మరి నాలుగుదినములు ఆ దరికి రాలేదు. తుదకు మామ్మ తానే ప్రక్కన కూర్చుండి సత్తుపళ్లెము కొట్టగా వచ్చి చిక్కెను. తలుపు పడినపుడు మామ్మ కన్నీరు పెట్టుకొని, "నన్ను నమ్మి వచ్చింది బాబూ," అనెను. ఆ మాట నాకు నేటికిని వినబడుచునే యున్నది. రెండు పిల్లులున్నచోట రెండు బోనులు ఒకేసారి పన్నవలెనని అప్పుడు తెలిసికొంటిని. కలిసి పెరిగినవానిని విడదీయక ఒకే చోటికి చేర్చుటయు మంచిది. తోడున్నచో క్రొత్తచోట బెదురు తగ్గును.

ఆడుపిల్లిని పట్టుటకు ముందు పాలిచ్చుచున్నదా యని తప్పక చూడవలెను. కడుపుక్రింద చనుమొనలు ఉబ్బి, చుట్టు వెండ్రుకలు రాలియున్నచో ఎచ్చటనో కూనలున్నట్లే. అట్టిదానిని పట్టరాదు, కూనలను కనుగొని, అవి పాలు విడిచి తిండి తిను వరకు ఆగవలెను. పిల్లి గర్భము మోయు కాలము సుమారు తొమ్మిది వారములే. కొంచె మోపిక పట్టుటచే ఎవ్వరికిని నష్టము లేదు. 2014లో నేనీ యొక్క సంగతి చూచియుండిన మూడు ప్రాణములు దక్కియుండెడివి.

పట్టిన పిల్లిని బోనుతోనే పశువైద్యునికడకు కొనిపోవలెను. సంతానము కలుగకుండ చేయు శస్త్రచికిత్స, రేబిస్ టీకా, తక్కిన యంటురోగములకు టీకా ఒక్కసారియే మత్తులో నుండగా చేయింపవచ్చును. చికిత్స జరిగిన గుర్తుగా చెవికొన కొంచెము కత్తిరింతురు. మరల నెవ్వరును పట్టి కోయకుండుటకై యది యుపయోగించును. ఇంటిలో మనము వాడు మాత్రలు పిల్లికి వేయరాదు. జ్వరమునకు మనము మ్రింగు పారాసిటమాల్ పిల్లికి విషము.

ప్రయాణము చల్లనివేళ చేయవలెను. బోను కప్పియే యుండవలెను. దారిలో నెట్టి పరిస్థితిలోను తెరువరాదు. కారు వెనుక సామానుపెట్టెలో పెట్టరాదు. మేము తెల్లవారకమునుపే బయలుదేరితిమి. మామ్మ తన పాతచీర ముక్కలు రెండును, పిల్లులు పరుండిన గోనెపట్టాయు, సత్తుపళ్లెమును, గరిటెయు నా చేతికిచ్చెను.

పల్లె చేరినపిమ్మట జరుగవలసినదే ఈ ప్రసంగమునకు ప్రాణము. అచ్చట బావ బోను తలుపుపై చేయి వేసి, "ఇక వదిలేద్దామా?" అనెను. వలదంటిని. పాకలో నొకమూల వడ్రంగిచే ముందుగానే చేయించిన ఇనుపవల పంజరము చూపితిని. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల యెత్తు. ఒక్క పిల్లికైనచో నాలుగడుగుల పొడవు చాలును. లోపల దాగుటకు రంధ్రము గల పెట్టె, ఒక కొసను మలమూత్రములకు ఇసుకతట్టి, రెండవ కొసను తిండిగిన్నె, నీళ్లగిన్నె.

"పిల్లిని తెచ్చి పాకలో వదిలితే సరిపోయేదానికి, ఈ పంజరం, ఈ ఆర్భాటం ఎందుకయ్యా బావా?" అని యతడు నవ్వెను.

అటకమీది కథ చెప్పితిని. తరువాత అతడు నవ్వలేదు.

పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునని సామెత. త్రిప్పును గాని, చూచి నమ్మిన చోటికే త్రిప్పును. మనము బలవంతముగా తెచ్చినపుడు ఆ చూచుటకును నమ్ముటకును దానికి వ్యవధి యియ్యవలెను. ఆ వ్యవధి తక్కువలో తక్కువ మూడు వారములు. ఆ కాలమున అది పంజరములో నుండియే క్రొత్తచోటి చప్పుళ్లు వినును, వాసనలు పట్టును, పశువులను, కుక్కను, మనుష్యులను చూచును. అన్నిటికంటె ముఖ్యముగా, ఏ వేళకు తిండి వచ్చునో, ఎవరు తెత్తురో నేర్చుకొనును. మూడు వారములు గడచునప్పటికి ఇల్లు అను మాటకు దాని మనసులో నర్థము మారును. మూసియుంచుట క్రూరమని తోచును. కాని తొందరపడి విడుచుటయే క్రూరము.

మొదటి మూడునాలుగు దినములు కష్టమైనవి. రాత్రులు పంజరమును గీరును, అరచును, తిండి ముట్టదు. జాలిపడి తలుపు తీయుట ఆ దినములలోనే జరుగును. ఆ జాలిని ఆపుకొనవలెను. పంజరము సగమునకు దుప్పటి కప్పియుంచవలెను. చూడవచ్చినవారిని దూరముగా నుంచవలెను. అయితే రెండుదినములు దాటియు ఏమియు తినకున్నచో పశువైద్యునితో మాటలాడవలెను; దీర్ఘమైన ఉపవాసము పిల్లి కాలేయమునకు చేటు. మా పిల్లులలో కూతురు రెండవరాత్రి తినెను, తల్లి మూడవరాత్రి.

బావ ఉదయము సాయంకాలము ఒకే వేళకు పోయి, సత్తుపళ్లెముపై గరిటెతో మూడుసార్లు కొట్టి, చేప కలిపిన అన్నము పెట్టెడివాడు. ఇసుక మార్చి, నీళ్లు మార్చి, చేయి చాపక, కన్నులలోనికి చూడక, రెండుమాటలు చెప్పి వచ్చెడివాడు. పంజరము శుభ్రము చేయునపుడు పిల్లులు పెట్టెలో దూరిన పిదప పెట్టెరంధ్రము మూసి మరీ తలుపు తీసెడివాడు. తప్పించుకొని పోవుట లెక్కువగా ఆ వేళయందే జరుగును. తీసిన ఇసుకను కొంచెము కొంచెముగా పాకచుట్టు చల్లించితిని. తన వాసన యున్న చోటు పిల్లికి తనదే.

మూడు వారములు సరిగా భోగికి ముందు నిండెను. బావ తలుపు తీయుదమనెను. నేను కనుమ, ముక్కనుమ పోనిమ్మంటిని. భోగిమంటలు, బాణసంచా, కోడిపందెముల జనసందోహము మా గోదావరి పల్లెలలో ఎట్లుండునో మీరెరుగుదురు. అట్టి దినమున బయటికి వచ్చిన పిల్లి బెదరి పరుగిడును. బెదరి పరుగిడిన పిల్లికి దారి గుర్తుండదు. దీపావళినాళ్లును, పెనువానల నాళ్లును అట్టివే.

2019వ సంవత్సరము జనవరి మూడవ వారమున నొక నెమ్మదియైన సాయంకాలము, తిండివేళకు కొంచెము ముందు, పంజరపు తలుపు తీసి కట్టి మేము దూరముగా పోతిమి. పంజరమును తీసివేయలేదు, గిన్నెలు లోపలనే యుంచితిమి. తలుపు తీసిన పిమ్మటను మరి రెండు వారములు ఆ పంజరము వారి యిల్లుగా నుండవలెను. కూతురు గంటకు వెలికి వచ్చి, పాకచుట్టు మూచూచి, పళ్లెము చప్పుడుకు తిరిగి లోపలికి పోయి తినెను. తల్లి మాత్రము వచ్చినది వచ్చినట్లే గడ్డివాము వెనుకకు పోయి మాయమయ్యెను.

మొదటిరాత్రి రాలేదు. రెండవరాత్రి రాలేదు. మూడవనాడు బావ టెలిఫోనులో, "ఉంచిన తిండి తెల్లారేసరికి ఉండటం లేదు. కుక్క తింటోందో, అదే తింటోందో తెలియదు," అనెను. నాకు నిదుర పట్టలేదు. మరల నొక పిల్లి కాలువగట్ల వెంబడి కుంటుచు నడచుచున్నట్లు కన్నులకు గట్టెను. అయినను మానక పెట్టుమంటిని. దాగియున్న పిల్లి చాలవరకు దగ్గరనే యుండును. కొన్ని దినములు చూచి, రాత్రులు మాత్రమే తిరుగును. తిండి యాపినచో నిక దానికి నిలుచుటకు కారణము లేదు.

ఐదవనాటి సాయంకాలము నేను మామ్మను వెంటబెట్టుకొని పోతిని. ఆమె పంజరముకడ చతికిలబడి సత్తుపళ్లెముపై గరిటెతో మూడుసార్లు కొట్టెను. కొంతసేపటికి గడ్డివాము పైని గడ్డి కదలెను. రెండు చెవులు కనిపించెను. అందొకటి కొన కత్తిరించినది. అది దిగివచ్చి, మాకు దూరముగా నిలిచి, మమ్ము చూచి, పంజరములోనికి పోయి తినెను. తిని, చీరముక్క లున్న పెట్టెలో దూరెను. మామ్మ, "ఇక ఇది ఇక్కడిదే బాబూ," అని లేచెను. పళ్లెమును బావచేతికి తానే యిచ్చెను.

శ్రోతలారా, పిల్లిని కొనిపోవుట ఒక్క పూట పని. దానికి ఇల్లు చేయుట మూడు వారముల పని. ఆ మూడు వారములు చేయలేమనుకొన్నచో కొనిపోకుండుటయే మేలు. ఉన్నచోటనే దానికి శస్త్రచికిత్స చేయించి, గుప్పెడు అన్నము పెట్టి, పాలమీద మూత పెట్టుకొనుట చాలును. మీలో నెవరైన నేడో రేపో గోనెసంచి చేతబట్టియున్నచో, ముందుగా నిచ్చెన వేసి అటకమీద నొకసారి చూడుడని నా మనవి.